బిళ్లకు కొలతలు

పోయిన వారం మనవాళ్లని ఆసుపత్రి మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నారు. ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి, వాళ్లని లోపలికి పంపిద్దాం.

చొక్కాల దుకాణం చిన్న మాస్టరు మెడలో, ఎడమ దవడ కింద, బిళ్ల కట్టింది. కనిపెట్టింది అతని కొత్త పెళ్లాం. ఆ పిల్లని దుకాణంలో అందరూ పిచ్చుక అంటారు, ఎందుకో మీకే తెలుస్తుంది. ఒక ఉదయం మొగుడి చొక్కాకి పై గుండీ పెడుతూ, పెట్టడం అయిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు. పెళ్లైన కొత్త కదా, తియ్యదు. ఆ వేళ్ల కింద చిక్కుడు గింజంత ఒకటి జారింది. కొన్నాళ్లు చూద్దామనుకున్నారు, చూశారు. వీధి చివరి డాక్టరు మాత్రలిచ్చాడు, చిన్న మాస్టరు మింగాడు. వానలు వెళ్లిపోయి చలి వచ్చింది గానీ బిళ్ల మాత్రం కదల్లేదు. ‘గడ్డ’ అనే మాట ఇంట్లో ఎవరూ అనరు. అందరూ ‘బిళ్ల’ అనే అంటారు, అదీ గొంతు తగ్గించి. చివరికి పెద్ద ఆసుపత్రిలో గొంతు డాక్టరమ్మకి చూపించడానికి మొగుడూ పెళ్లాం బయల్దేరితే, వెనకాలే అత్తగారూ, మామగారైన పెద్ద మాస్టరూ, చొక్కాలకి కాజాలు కుట్టే కాజాల బాబాయీ దుకాణానికి తాళం వేసి వచ్చేశారు.

ఇక్కడిదాకా అయింది. ఇక మెట్లెక్కండి.

డాక్టరమ్మ గదిలో రెండే కుర్చీలు. వాటిలో ముగ్గురు ఎలా కూర్చున్నారో ఎవరికీ తెలియదు. కాజాల బాబాయి బల్ల మీదున్న ప్లాస్టిక్ గొంతు బొమ్మని చూడగానే, అది ఎలా తెరుచుకుంటుందో కనుక్కునే పనిలో పడ్డాడు.

“ఇంతమందా?” అంది డాక్టరమ్మ. పొట్టిగా, చలాకీగా, ముక్కు చివరికి జారిన కళ్లజోడుతో ఉంది. “పేషెంటు ఎవరు?”

అందరూ చిన్న మాస్టర్ని చూపించారు. చిన్న మాస్టరు బాబాయిని చూపించాడు.

“హాస్యాలకేం తక్కువ లేదు,” అని అత్తగారు కొడుకు వీపు మీద ఒకటి చరిచింది. పిచ్చుకకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే భయం కూడా వచ్చింది. ఈ మధ్య ఆ రెండూ జంటగానే తిరుగుతున్నాయి.

“ఎప్పటి నుంచి ఉంది?”

“బడి యూనిఫారాల గిరాకీ అయిపోయినప్పటి నుంచి,” అన్నాడు పెద్ద మాస్టరు.

“పెళ్లైన కొత్తలో మొదలైందమ్మా,” అంది అత్తగారు.

“ఇప్పుడూ కొత్తే కదా అత్తయ్యా,” అంది పిచ్చుక గబుక్కున. అనేశాక నాలిక కరుచుకుంది.

డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి ఆ పిల్లని ఓసారి చూసి, మళ్లీ ప్రశ్నల్లో పడింది. జ్వరం వస్తోందా? లేదు. నిద్రలో పక్క తడిసిపోయేటంత చెమటలు? లేవు. బరువు తగ్గాడా?

“తగ్గడమా!” అత్తగారికి ఇది పరువు విషయం. “పెళ్లయ్యాక వీడి ప్యాంటు నడుములన్నీ విప్పి వదులు చేశామమ్మా.”

“మంచిది. మరి బిళ్ల పెరుగుతోందా, తగ్గుతోందా?”

పెద్ద మాస్టరు ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టు గొంతు సవరించుకున్నాడు. ఆసుపత్రికైనా, పెళ్లికైనా ఆయన మెడలో కొలత టేపు ఉండాల్సిందే. దాన్ని తీసి రెండు చేతుల మధ్య లాగి పట్టుకున్నాడు.

“పెరగలేదు, తగ్గలేదు. అర అంగుళం మీద ఒక్క నూలు. మొదటి రోజూ అంతే, ఇవాళ పొద్దునా అంతే.”

“అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?”

“కొలుస్తాను కదమ్మా! దుకాణం తెరవగానే మొదటి కొలత దానిదే. చర్మం కింద జారిపోతూ ఉంటుంది, దొంగది. అందుకని ఇదిగో, ఇలా రెండు వేళ్లతో గట్టిగా ఒడిసిపట్టి, బయటికి లాగి, అప్పుడు టేపు పెట్టాలి.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

“రోజూనా?”

“సెలవు రోజు ఇంట్లో కొలుస్తాను.”

“ఇంకా ఎవరెవరు ముట్టుకుంటారు దాన్ని?”

లెక్క తప్పు చేసిన తరగతిలా అందరూ నేల చూపులు చూశారు. మొదట అత్తగారు బయటపడింది.

“నేను కొలవనమ్మా. స్నానానికి ముందు గోరువెచ్చటి నూనె రాస్తానంతే. కరుగుతుందని బొటనవేలితో కొంచెం... మర్దనా.”

“కొంచెం కాదు,” అన్నాడు చిన్న మాస్టరు. “రోలు కడిగినట్టు రుద్దుతుంది.”

“నేను అసలు ముట్టుకోను,” అన్నాడు కాజాల బాబాయి, రెండు ముక్కలైన గొంతు బొమ్మని వీపు వెనక దాచుకుంటూ. “టీ తాగేటప్పుడు ఊరికే అలా కదుపుతాను. కదిలేదైతే మంచిదేనట కదా? కదులుతోందో లేదో ఎవరో ఒకరు చూడాలి మరి.”

“నువ్వు?” అంది డాక్టరమ్మ పేషెంటుని.

“అద్దం కనిపిస్తే చెయ్యి దానంతటదే వెళ్లిపోతుందండీ.”

“రోజుకి ఎన్నిసార్లు కనిపిస్తుంది?”

“ఆయన పనిబల్ల ట్రయల్ గది పక్కనే ఉంటుందండీ,” అని పిచ్చుక అందుకుంది. “అక్కడ మూడు వైపులా అద్దాలే.”

“సరే. నువ్వేం చేస్తావు?”

పిచ్చుక ముఖం ఎర్రబడింది. “నేను కొలవనండీ. నూనె కూడా రాయను.”

“మరి?”

“ఊరికే... వస్తూ పోతూ...”

అత్తగారికి ఉన్నట్టుండి కిటికీ బయటి గోడ మీద ఎంతో ఆసక్తి పుట్టుకొచ్చింది. కాజాల బాబాయి దగ్గాడు. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసేసి నవ్వింది. డాక్టర్లు మర్యాదకి నవ్వే నవ్వు కాదది, కళ్లు తుడుచుకునే నవ్వు.

“చంటిపిల్లని నిద్రపుచ్చి, ‘నిద్రపోయావా?’ అని లేపి అడిగేవాళ్లని చూశారా ఎప్పుడైనా? మీరంతా వాళ్లే! ఒంట్లో ఎక్కడైనా గొడవ జరిగితే పోట్లాడటానికి ఉబ్బుతుందది. గొడవ తగ్గాక మెల్లిగా పడుకుంటుంది. అది పడుకోబోయినప్పుడల్లా ఒకరు లాగుతున్నారు, ఒకరు రుద్దుతున్నారు, ఒకరు కదుపుతున్నారు. ఎలా తగ్గుతుందయ్యా? నేనైనా తగ్గను!”

పిచ్చుక గుండెలోంచి మోయలేనంత బరువేదో సగం దిగింది. అంటే ఇంత ప్రేమా కలిసి దాన్ని వాచేలా చేసిందన్నమాట! మొగుడి వైపు చూసింది. అతను అప్పుడే చెయ్యి మెడ దాకా తీసుకెళ్లి, మధ్యలో గుర్తొచ్చి, చెవి గోక్కున్నాడు.

“ఆగండి, అప్పుడే సంబరం వద్దు,” అంది డాక్టరమ్మ లేస్తూ. “మీరు నలపడం వల్ల తగ్గకపోయి ఉండొచ్చు. మరి మొదట రావడం ఎందుకొచ్చింది? అది తేలాలి.”

ఆమె వేళ్లు ఇంకో జాతి వేళ్లు. నొక్కుతున్నట్టే ఉండవు, కానీ దేన్నీ వదిలిపెట్టవు. రెండు దవడల కింద, చెవుల వెనక, మెడ పక్కల్లో, చంకల్లో చూసింది. పక్క గదిలో చల్లటి జిగురు రాసి, తెర మీద బిళ్ల బొమ్మ చూసింది. ‘ఆకారం బాగుంది’ అంది. బిళ్లకి ఆకారం బాగుండటం ఏమిటో పిచ్చుకకి అర్థం కాకపోయినా, మొగుణ్ని మెచ్చుకున్నట్టే పొంగిపోయింది. తరవాత, “నోరు తెరు,” అంది డాక్టరమ్మ టార్చి లైటు వేసి. అక్కడ ఆగింది.

“ఇదేమిటి? ఈ పంటి అంచున గాడి పడి ఉంది. ఏం కొరుకుతావు నువ్వు?”

“దాఅం,” అన్నాడు చిన్న మాస్టరు నోరు తెరిచే.

“దారం అండీ,” అని పిచ్చుక విప్పి చెప్పింది.

“మా దుకాణంలో కట్టుబాటు అది,” అన్నాడు పెద్ద మాస్టరు, కాస్త గర్వంగానే. “కత్తెర గుడ్డకి, పన్ను దారానికి. దారాల మీద వాడితే కత్తెర మొద్దుబారిపోతుంది. మా నాన్న నేర్పాడు నాకు. చూడండి కావాలంటే.” అంటూ ఆయనా నోరు తెరిచాడు. కాజాల బాబాయి ఊరుకుంటాడా? ఆయనా తెరిచాడు. డాక్టరమ్మ వరసగా మూడు నోళ్లలో టార్చి వేసి చూసింది. మూడింట్లోనూ, ఎడమ పక్కనే, ఒకే చోట, సన్నటి గాడి.

“మొద్దుబారని కత్తెరే మిగిలింది మీకు, పళ్లు కాదు,” అని తల పట్టుకుంది. “అబ్బాయిది గాడి ఒక్కటే కాదు. పన్ను నిలువునా చిట్లింది. లోపల నరం చచ్చిపోయింది, అందుకే నొప్పి తెలియలేదు. వేరు అడుగున చీము చేరింది. బిళ్ల రాక ముందు బాగా మందపు దారం ఏదైనా కొరికావా?”

చిన్న మాస్టరు చెవులు ఎర్రగా వెలిగాయి. అతని చూపు నేల మీంచి పాకి పాకి పిచ్చుక వేసుకున్న కోటు దగ్గర ఆగింది.

ముదురాకుపచ్చ రంగు కోటు. మెడ నుంచి మోకాలి దాకా బరువైన గుండీలు. చలి ఇంకా ఎంతో దూరం ఉండగానే, బడి యూనిఫారాల గిరాకీ రోజుల్లో, ఒక పొద్దున పిచ్చుక నిద్రలేచేసరికి కుర్చీ వీపుకి తగిలించి ఉంది. ఎప్పుడు కుట్టాడో, ఎక్కడ కుట్టాడో ఎంత బతిమాలినా చెప్పలేదు.

“మైనం పట్టించిన దారం,” అన్నాడు మెల్లిగా. “గుండీలు ఊడకూడదని.”

“కత్తిరించి చావొచ్చు కదరా!” అన్నాడు పెద్ద మాస్టరు, తన కట్టుబాటు తనే మర్చిపోయి.

“కత్తెర చప్పుడు వినిపిస్తే వచ్చి చూసేస్తుంది నాన్నా. బల్ల కింద కూచుని కుట్టాను. కౌంటరు దగ్గర తను గిరాకీలతో మాట్లాడుతున్నంతసేపూ.”

“అమ్మో, అయితే రోజంతా టైము దొరికి ఉంటుంది,” అన్నాడు కాజాల బాబాయి.

పిచ్చుక అదేమీ వినలేదు. ఆ గుండీలని ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. తను కౌంటరు మీద మోచేతులు ఆనించి ప్రపంచంలోని సంగతులన్నీ చెబుతున్నప్పుడు, తన కాళ్లకి మూరెడు దూరంలో, ఈ పొడుగాటి మనిషి మడత పడి కూర్చుని, చప్పుడు కాకుండా పంటితో దారం తెంపాడా?

“నువ్వెంత పిచ్చివాడివి!” అంది పెద్దగా.

పెద్దవాళ్ల ముందు మొగుణ్ని ‘ఏమండీ, మీరు’ అనే పిల్ల. నాలుగ్గోడల మధ్య మాత్రమే తిరిగే ‘నువ్వు’ కాస్తా డాక్టరమ్మ గదిలో బట్టబయలైంది. అత్తగారు కొంగుతో మూతి మూసుకుంది. నవ్వు ఆపుకోవడానికి అనే చెప్పుకోవాలి.

“సరే,” డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. “బిళ్లకి పన్నే కారణమని నా నమ్మకం. కానీ నమ్మడం వేరు, తేల్చుకోవడం వేరు. ఇన్నాళ్లు తగ్గని బిళ్లని నమ్మకం మీద ఇంటికి పంపను. సన్నటి సూదితో కాస్త తీసి చూద్దాం. ఇవాళే, పక్క గదిలోనే. మైక్రోస్కోపు కింద పెట్టి చూసే ఆయన కూడా ఉన్నారు.”

“వద్దు,” అన్నాడు పెద్ద మాస్టరు.

గట్టిగా అనలేదు. దుకాణంలో సుద్దముక్కతో గీత గీసినట్టు అన్నాడు. ఆ ఇంట్లో ఆయన గీత గీశాక గుడ్డ ఆ గీత మీదే తెగుతుంది. ఆయన లేచి నిలబడి టేపు మెడలో వేసుకున్నాడు.

“పన్ను సంగతి తెలిసింది కదా. బాగుచేయిస్తాం. సూదులూ అవీ వద్దు. పదండి అందరూ.”

“నొప్పేమీ ఉండదండీ. చీమ కుట్టినట్టుంటుంది.”

“నొప్పి గురించి కాదమ్మా. ఊరుకున్నదాన్ని పొడిస్తే పాకుతుంది. మా గిరాకీ ఒకాయన ఉండేవాడు, ఏనుగులాంటి మనిషి. మెడలో ఇలాగే వస్తే సూదితో తీయించుకున్నాడు. కోటు ట్రయల్‌కి వస్తానన్నవాడు మరి రాలేదు. ఆ కోటు ఇప్పటికీ మా దుకాణంలో వేలాడుతోంది.”

“ఆ జబ్బు సూది వల్ల రాలేదు. అప్పటికే ఉంది. సూది చెప్పింది, అంతే.”

“చెప్పకపోతే ఇంకొన్నాళ్లు నవ్వుతూ తిరిగేవాడు!”

ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత విసురుగా వచ్చిందంటే, ఆయనే ఉలిక్కిపడ్డాడు. చిన్న మాస్టరు తల వంచుకుని లేవబోయాడు. నాన్న వద్దన్నాడు, ఇక అంతే. పిచ్చుక ఈ ఇంటికి వచ్చింది మొన్న. ఈయన ముందు గట్టిగా మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడకపోతే, రేపు పొద్దున మళ్లీ టేపు బయటికొస్తుంది.

మొగుడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

“మావయ్యా, ఒక్క మాట. గిరాకీ వచ్చి, చొక్కా చంకలో పట్టేస్తోంది అన్నాడనుకోండి. ఏం చేస్తారు మీరు?”

“దానికీ దీనికీ ఏమిటమ్మా?”

“చెప్పండి, ఏం చేస్తారు?”

“కుట్టు విప్పి చూస్తాను.”

“పైనుంచి ఇస్త్రీ చేసేసి, బాగానే ఉంది వెళ్లండి అనరా?”

“ఛ! లోపల ఏముందో చూడకుండా ఎలా చెబుతాను?” అనేసి ఆగిపోయాడు. టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు. తరవాత వచ్చిన గొంతు మాస్టరుది కాదు. “గుడ్డ వేరు అమ్మాయ్. గుడ్డ పాడైతే ఇంకో తాను తెప్పిస్తాను.”

పిచ్చుక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ఆగలేదు.

“ఇంకో తాను లేదు కాబట్టే అడుగుతున్నాను మావయ్యా. పొద్దున మీరు టేపు తీస్తారు చూడండి, అప్పటి నుంచీ నేను ఊపిరి పీల్చను. ‘అంతే ఉంది’ అని మీరంటే బతుకుతాను. ఆ ధైర్యం సాయంత్రం దాకా సరిపోతుంది. మళ్లీ మర్నాడు మొదలు. నాకు కాపురం చెయ్యాలనుంది, కొలతలు చూస్తూ కూచోవాలని లేదు. మంచైతే గంతులేసుకుంటూ ఇంటికెళ్దాం. చెడైతే... చెడైతే తొందరగా తెలిసిందని మందు మొదలెడదాం. తెలియకుండా నవ్వడం నాకు చేతకాదు.”

పెద్ద మాస్టరు ఆమె వంక అదోలా చూశాడు. కోపం కాదు. ఏమిటో పిచ్చుకకి అందలేదు.

అప్పుడు అత్తగారు లేచింది. “పొడిపించుకోరా నువ్వు,” అంది కొడుకుతో. మొగుడి వైపు తిరిగి, “పెళ్లైనప్పటి నుంచీ చూస్తున్నాను, సూది గుచ్చుకోని రోజు లేదు మీ వేళ్లకి. ఏం పాకింది? సూదితో తిండి తినే కొంపలో సూదికి భయమేమిటి, సిగ్గు లేకపోతే?” అంది.

“మీ ఇష్టం,” అని పెద్ద మాస్టరు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

పక్క గదిలో పని చిటికెలో అయిపోయింది. చిన్న మాస్టరు బల్ల మీద పడుకుని పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. కాజాల బాబాయి తలుపు సందులోంచి, “ఏ నంబరు సూదమ్మా అది?” అని అడిగి, చూపించాక, “మా మిషను సూది కంటే సన్నం!” అని పరవశించిపోయాడు. చిన్న మాస్టరు ‘స్స్’ అనబోయేలోపు దూది పెట్టేశారు.

ఎదురుచూడటమే చాలాసేపు పట్టింది. వరండాలో బెంచీ మీద పిచ్చుక నోరు మూసుకుని కూర్చుంది. అది చూసి అత్తగారు హడలిపోయింది. “ఏదో ఒకటి వాగవే తల్లీ, నీకు పుణ్యముంటుంది,” అని గడ్డం పట్టుకుంది. చిన్న మాస్టరు పెళ్లాం కోటు గుండీ ఒకటి తిప్పుతూ, “ఎంత లాగినా ఊడదు, చూడు,” అన్నాడు. పిచ్చుక లాగి చూసింది. నిజంగానే ఊడలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ ముఖంలోనే సగం జవాబు ఉంది.

“చెడ్డదేమీ కనిపించలేదు. పంటి చీముతో పోట్లాడి పోట్లాడి వాచిన బిళ్ల, అంతే. రేపే పంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ తరవాత నెల రోజులు ఎవ్వరూ ముట్టుకోకూడదు. అప్పటికీ అలాగే ఉంటే మళ్లీ నా దగ్గరికి రావాలి.”

అత్తగారు గోడకి చేరగిలబడి ఏడ్చేసింది. కాజాల బాబాయి ఎదురొచ్చిన నర్సుకి దణ్ణం పెట్టాడు. పిచ్చుకకి కాళ్లు నేల మీద ఆనలేదు.

“ఎవ్వరూ అంటే ఎవ్వరూనా అండీ?” అని అడిగింది.

“ఎవ్వరూ అంటే ఎవ్వరూ.”

“కుడివైపు?”

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. “కుడివైపు నాకు సంబంధం లేదు,” అని లోపలికి వెళ్లిపోయింది.

బయట ఎండ కొత్తగా ఉతికి ఆరేసినట్టుంది. మెట్లు ఎక్కేటప్పుడు బండరాళ్లు, దిగేటప్పుడు మాత్రం మెత్తగా ఉన్నాయి. గేటు దగ్గర కాగితం కప్పుల్లో టీ తెచ్చాడు చిన్న మాస్టరు. చక్కెర ఎక్కువైన ఆ టీ పిచ్చుక తాగినవాటన్నిటిలోకీ గొప్ప టీ. మొగుడికి కుడి పక్కన చేరి, “ఇక నుంచి నువ్వు ఎప్పుడూ నాకు ఎడమ చేతి వైపే నడవాలి,” అని రూలు పెట్టింది. ఎలా నిలబడితే కుడి మెడ అందుతుందో ఇద్దరూ తిరిగి తిరిగి చూసుకుంటుంటే, కాజాల బాబాయి, “ఇది నడిరోడ్డర్రా!” అని గదమాయించాడు.

ఒక కప్పు మిగిలిపోయింది.

“మీ మావగారేరే?” అంది అత్తగారు.

“లోపలే ఉండిపోయారేమో. అలిగారు పాపం. నేను బతిమాలి తీసుకొస్తాను,” అని పిచ్చుక టీ కప్పు తీసుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. ఏమనాలో దారిలోనే కూర్చుకుంది. ‘మావయ్యా, ఆ టేపు ఇక నాకిచ్చెయ్యండి, దాచేస్తాను,’ అనాలి. నవ్వించాలి.

డాక్టరమ్మ గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి పెద్ద మాస్టరు గొంతు.

“అమ్మా, ఆ సూది... నిజంగా చీమ కుట్టినట్టేనా?”

“మీ అబ్బాయినే అడగండి. హాయిగా లేచి వెళ్లాడుగా,” డాక్టరమ్మ నవ్వుతూ అంది.

ఆయన నవ్వలేదు. మెడలోంచి టేపు తీసి, చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టాడు. ఎండాకాలంలో కూడా పెట్టుకునే ఉంచే చొక్కా పై గుండీని విప్పాడు. కాలరు పక్కకి లాగాడు. మెడ అడుగున, ఎముక పైన, చర్మం ఎత్తుగా ఉంది. చిక్కుడు గింజంత కాదు.

డాక్టరమ్మ వేళ్లు దాని మీద ఆగాయి. అది జారలేదు. ఆమె పెదాల మీద నవ్వు ఇంకా ఉంది గానీ, కళ్లల్లోంచి వెళ్లిపోయింది.

“ఎన్నాళ్ల నుంచి ఉందండీ ఇది?”

“వాడిది కొలవడం మొదలెట్టక ముందు నుంచి.”

“ఇంట్లో తెలుసా?”

“తెలియదు. ఇంట్లోకి కొత్త పిల్ల వచ్చింది. పొద్దస్తమానం నవ్వుతూ తిరుగుతుంది. ఇప్పుడెందుకులే అని...” మాట మధ్యలో ఎందుకో తల తిప్పాడు. ఓరవాకిట్లో పిచ్చుక కనిపించింది.



వరండా చివర నుంచి బూట్ల చప్పుడు. “పిచ్చుకా! నాన్న ఉన్నాడా లోపల? టీ చల్లారిపోతోంది!” చిన్న మాస్టరు ఈల వేస్తూ వస్తున్నాడు.

పెద్ద మాస్టరు గబగబా కాలరు సర్దుకుని గుండీ పట్టుకున్నాడు. జీవితమంతా చొక్కాలతో గడిపిన ఆ వేళ్లకి ఎంత వెతికినా కాజా దొరకలేదు. కోడలి వంక చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. బతిమాలుతున్నట్టు ఊపాడు.

ఈల దగ్గరైంది. పిచ్చుక లోపలికి అడుగు వేసి, కప్పు బల్ల మీద పెట్టి, గుండీ మీదున్న ఆ చేతిని తన చేత్తో పట్టుకుని ఆపింది.

“పెట్టుకోకండి మావయ్యా,” అంది.

ఆమె వెనక తలుపు పూర్తిగా తెరుచుకుంది.